ముద్దుపళని తనను తాను పొగుడుకున్న పద్యం

తెలుగు ప్రబంధంలో నాయిక కనబడగానే కథ ఆగిపోతుంది. కవి జడ దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా, లేదంటే పాదాల దగ్గర మొదలుపెట్టి జడ దాకా వర్ణిస్తూ పోతాడు. కళ్లు కలువలు, ముక్కు సంపెంగ, జడ తుమ్మెదల బారు. నడుము ఆకాశం, అంటే లేనే లేదని. నంది తిమ్మన రాసిన ముక్కు పద్యానికి ఎంత పేరు వచ్చిందంటే, ఆయన ఇంటిపేరు మరుగున పడి ముక్కు తిమ్మనగానే మిగిలిపోయాడు. ఆ పద్యాన్ని రామరాజభూషణుడు సొమ్ము పోసి కొని వసుచరిత్రలో పెట్టుకున్నాడని పండితులు చెప్పుకునే కథ ఒకటుంది. జరిగిందో లేదో గాని, మన సాహిత్యంలో పొగడ్త ఎలా నడిచిందో తెలియడానికి ఆ కథ చాలు. ఆడదాని ముక్కు మీది పొగడ్త ఇద్దరు మగవాళ్ల మధ్య బేరమై, ఒక కవి నుంచి ఇంకో కవి కావ్యంలోకి వెళ్లింది. ఎక్కడ పెట్టినా అతికింది. ఆ ముక్కు ఫలానా మనిషిదని ఎవరూ అనుకోలేదు కనుకనే అతికింది.

నేను చాలా ఏళ్లు గుంటూరు వైపు కాలేజీల్లో తెలుగు చెప్పాను. ఈ వర్ణనలు వచ్చిన రోజు ముందు వరసల్లో ఆడపిల్లలు పుస్తకంలోంచి తల ఎత్తేవాళ్లు కాదు. వెనక వరసల్లో మగపిల్లలు వాళ్ల జడల వైపు చూసి మోచేతులతో పొడుచుకునేవాళ్లు. ఆ పద్యాల్లోని శబ్దం, ధార, ఊహ నాకు ప్రాణం. ఇవాళ్టికీ వాటిని వదులుకోను. అయితే నాయిక నోరు విప్పకముందే ఆమె సంగతంతా తేలిపోయిందే అన్న బాధ మాత్రం ప్రతి ఏడూ కలిగేది. ఆ బాధకు మందు నాకు తంజావూరులో దొరికింది.

తంజావూరు దర్బారుల్లో స్త్రీ ఆకర్షణకు కొలత వేరేగా ఉండేది. 17వ శతాబ్దంలో విజయరాఘవ నాయకుడి కొలువులో ఉన్న రంగాజమ్మ మన్నారుదాస విలాసం, ఉషాపరిణయం రాసింది. రాజు ఆమెకు కనకాభిషేకం చేశాడు. అందగత్తె అని చేసిన సన్మానం కాదది, కవయిత్రి అని చేసింది. భోగం కులంలో పుట్టిన పిల్లకు సంగీతం, నాట్యంతో పాటు సంస్కృతం, తెలుగు, సభలో మాట్లాడే తీరు, పండితులను గౌరవించే పద్ధతి నేర్పేవాళ్లు. ఆ వ్యవస్థలో స్త్రీకి ఎన్ని సంకెళ్లున్నాయో నాకు తెలుసు. రాజు దయ తప్పితే ఏమయ్యేదో కూడా తెలుసు. దాన్ని స్వర్ణయుగం అనను. అయినా చదువు వల్ల స్త్రీ మరింత ఆకర్షణీయంగా ఉంటుందని నమ్మిన తావు ఒకటి మన భాషలో ఉండేది. కులస్త్రీకి అక్షరం చెప్పడమే తప్పన్న రోజుల్లో ఉండేది.

ముద్దుపళని అక్కడే, ఒక శతాబ్దం తర్వాత, మరాఠా రాజు ప్రతాపసింహుడి (1739–63) కాలంలో రాధికాసాంత్వనం రాసింది. చిన్నప్పటి నుంచి తాను పెంచిన ఇళను రాధ కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. ఆ కొత్త దంపతులకు బుద్ధులు చెప్పి పంపుతుంది. పంపాక తట్టుకోలేక రగిలిపోతుంది. చివరికి కృష్ణుడు వచ్చి బతిమాలుకోవాలి. ఒక పిల్లను పెంచి పెళ్లి చేసిందంటే రాధ పదహారేళ్ల పడుచు కాదు కదా! వయసు వచ్చిన స్త్రీకి కోరిక ఉంటుందని, ఆమె కోసం మగవాడు తిరిగి వస్తాడని రాసిన కావ్యం అది.

అంతకన్నా నన్ను పట్టుకున్నది పీఠిక. మగకవి వంశం చెప్పుకున్నట్టే ముద్దుపళని కూడా చెప్పుకుంది, కాకపోతే తన నాయనమ్మ తంజనాయకిని, మేనత్తను తలుచుకుంటూ. తర్వాత తనను తాను పొగుడుకుంది. అక్కడ ఆమె వరస చూడాలి. చంద్రుడి లాంటి ముఖంతో ఎత్తుకుంటుంది, అది పాత అలవాటే. ముఖం నుంచి మెడకు, మెడ నుంచి కిందికి దిగదు. ముఖానికి తగిన మాటనేర్పు అంటుంది. ఆ మాటకు తగ్గట్టు చూపులో దయ, ఆ చూపుకు తగ్గట్టు ఇచ్చే గుణం. తన నగలు ఇవీ అంటుంది. తనలాగా పండితులకు సొమ్మిచ్చి ఆదరించిన స్త్రీ, కావ్యాలు అంకితం పుచ్చుకున్న స్త్రీ తన వాళ్లలో ఇంకెవరున్నారని అడుగుతుంది. మనిషిలో ఆకర్షణ ఏమిటన్న ప్రశ్నకు మన భాషలో నేను చదివిన జవాబుల్లో ఇంతకు మించింది లేదు. ఈ పద్యాన్ని ఎవరూ కొనుక్కుని ఇంకో నాయికకు అతికించలేరు.

ఆ కావ్యాన్ని బ్రౌన్ దొర దగ్గర పనిచేసిన పైడిపాటి వెంకటనరసు 1887లో అచ్చు వేయించాడు. అందులో కొన్ని పద్యాలు లేవు, ఈ పీఠికా లేదు. కావ్యం మిగిలింది, రాసినామె తన గురించి చెప్పుకున్నది పోయింది.

ఇక ఆ కావ్యాన్ని తప్పుబట్టిన వీరేశలింగం గారి సంగతి. వితంతువులకు పెళ్లిళ్లు చేసి, ఆడపిల్లలకు బడి పెట్టి, అందుకు రాళ్లూ తిట్లూ భరించిన మనిషి ఆయన. మా ఇంట్లో మా అమ్మమ్మ తరం చదువుకుందంటే ఆ ఉద్యమం చలవే. ఆయన మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. అందుకే ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళని మీద ఆయన రాసినది చదివినప్పుడల్లా మనసు కష్టపడుతుంది. ఆమె కవిత్వం మృదువుగా ఉందని, సంస్కృతాంధ్రాల్లో పండితురాలని ముందు మెచ్చుకున్నారు. ఆ వెంటనే, కొన్ని భాగాలు స్త్రీ నోట రావడం మాట అటుంచి, స్త్రీ చెవిన పడడానికే తగవన్నారు. వేశ్యాకులంలో పుట్టింది గనుక స్త్రీకి సహజమైన సిగ్గు లేదన్నారు. అవే వర్ణనలు మగకవి చేస్తే శృంగార రసం.

దీనికి జవాబు చెప్పింది బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టి, మద్రాసులో గాయనిగా స్థిరపడిన ఆమెను లోకం విద్యాసుందరి అని పిలిచింది. రాధికాసాంత్వనం అచ్చుప్రతి ఒకటి సంపాదించి, తర్వాత రాతప్రతి కోసం వెతికి, రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తీసేసిన పద్యాలూ పీఠికా మళ్లీ చేర్చింది. 1910లో వావిళ్లవారు ఆ పుస్తకాన్ని అచ్చు వేశారు. ముందుమాటలో వీరేశలింగం పంతులుగారిని ఆమె సూటిగా అడిగింది: సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు అక్కరలేదా? వైజయంతీవిలాసం అనే కావ్యాన్ని పంతులుగారే పరిష్కరించి అచ్చుకు ఒప్పుకున్నారు కదా, అందులో ఇంతకన్నా పచ్చిగా ఉన్నవి కనబడలేదా?

ఆ రెండు ప్రశ్నలకు సమాధానం రాలేదు, నిషేధం వచ్చింది. ఫిర్యాదులు వెళ్లాయి, 1911లో మద్రాసు పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. పండితులు ప్రభుత్వానికి విన్నపాలు పెట్టుకున్నా ఫలితం లేకపోయింది. 1947లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చు వేశారు. నాగరత్నమ్మ కన్నుమూసింది ఆ ఏడాదే. నిషేధం నడిచిన ఆ ఏళ్లలోనే ఆమె తన సొమ్ముతో తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది. ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నప్పుడు, ఆడవాళ్లను కూడగట్టి వేరే ఆరాధన నడిపించింది.

వీరేశలింగం గారి మెప్పు ఎక్కడ చెడిందో నాకు తెలిసినది ఒక సాహిత్య సభలో. క్షేత్రయ్య పదాల మీద వ్యాసం చదివాను. అధ్యక్షులు పెద్దవారు, నా మీద వాత్సల్యమున్నవారే. "అమ్మాయి చీరకట్టు ఎంత ముచ్చటగా ఉందో వ్యాసమూ అంత ముచ్చటగా ఉంది" అన్నారు. సభంతా చప్పట్లు. నా తర్వాత చదివిన కుర్రాడి వ్యాసంలో రెండో భాగం వాదన నిలవదన్నారు, ఎందుకు నిలవదో కాగితం చూసి మరీ చెప్పారు. నాకు ఆ కుర్రాడి మీద అసూయ కలిగింది. చీర బాగుందని మా పిన్ని గుమ్మంలో అంటే ఆ పూటంతా సంతోషంగా ఉంటాను. అధ్యక్షులు అన్నది నా వ్యాసం గురించి చెప్పవలసిన మాటకు బదులుగా అన్నారు. "ఆడపిల్లయినా బాగా రాసింది" అనేదీ ఆ కోవలోదే. కొలబద్దను ముందే పొట్టిది చేసి, దాన్ని దాటావని మెచ్చుకుంటారు. నేను ఆ రోజు నమస్కారం పెట్టి కూర్చున్నాను. నాగరత్నమ్మ అయితే అడిగి ఉండేది.

స్త్రీ అందాన్ని పొగడడమే తప్పని అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ముద్దుపళని తన ముఖాన్ని దాచుకోలేదు. రాధ శరీరాన్నీ దాచలేదు, ఆ శరీరానికి సుఖం తెలుసని రాసింది. పొగడ్త ఒళ్లు దగ్గర మొదలైతే తప్పేమీ లేదు, అక్కడే ఆగిపోతే తప్పు. మాట దగ్గరికి, దయ దగ్గరికి, చేసిన పని దగ్గరికి వెళ్లాలి. తిరిగి జవాబు చెప్పే వీలు పొగడ్త అందుకున్న మనిషికి ఉండాలి. రాధికాసాంత్వనం చదువుతామని మా పాత విద్యార్థినులు అడిగినప్పుడు, పీఠిక వదిలేసిన ప్రతి దొరికితే తీసుకోవద్దని చెబుతున్నాను.