జిల్లా కేంద్రం నుంచి ఊరబడి దాకా: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ప్రాథమిక విద్యలో ప్రత్యేక అవసరాల పిల్లలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పూర్వపు కరీంనగర్ జిల్లాలో భాగమైన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ప్రత్యేక అవసరాలు గల పిల్లల ప్రాథమిక విద్య ఏయే దశలు దాటి వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ చరిత్రను కేవలం పథకాల వరుసగా గాక, బిడ్డకూ బడికీ మధ్యనున్న దూరం తగ్గుతూ వచ్చిన క్రమంగా చదవవచ్చునని ప్రతిపాదిస్తుంది. జిల్లా కేంద్రంలోని ఆశ్రమ పాఠశాల నుంచి మండలంలోని భవిత కేంద్రానికి, అక్కడి నుంచి ఊరబడికి ఆ దూరం తగ్గింది. బడి గడపకూ పాఠానికీ నడుమ ఉన్న దూరం మాత్రం ఇంకా మిగిలే ఉంది. అది బోధకుల నియామకంతో ముడిపడిన దూరమని ఈ వ్యాసం నిరూపించ ప్రయత్నిస్తుంది.

కీలకపదాలు: ప్రత్యేక అవసరాల పిల్లలు, సమ్మిళిత విద్య, భవిత కేంద్రాలు, డి.పి.ఇ.పి., కరీంనగర్ జిల్లా, ప్రాథమిక విద్య.

1. ఉపోద్ఘాతం:

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరుపడ్డాయి. కోరుట్ల పట్టణం జగిత్యాల జిల్లాలో చేరింది. అప్పటివరకు ఈ మూడు ప్రాంతాల ప్రజలకు పెద్దాసుపత్రి అయినా, విద్యాశాఖ కార్యాలయమైనా కరీంనగరమే. కరీంనగర్ నుంచి సిరిసిల్ల సుమారు 40 కిలోమీటర్లు, జగిత్యాల సుమారు 50 కిలోమీటర్లు. కోరుట్ల జగిత్యాలకు ఆవల మరో 20 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. మామూలు పనులకు ఇది పెద్ద దూరం కాదు. కాని నడవలేని, చూడలేని, వినలేని ఆరేళ్ల బిడ్డ చదువుకు ఈ దూరమే చాలాకాలం హద్దుగా నిలిచింది. ఆ హద్దు ఎలా ఏర్పడింది, ఎలా జరుగుతూ వచ్చింది అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రధానాంశం.

2. లెక్కలో చేరి బడిలో చేరని కాలం:

వికలాంగులను లెక్కించడం వారికి చదువు చెప్పడం కంటే చాలా ముందే మొదలైంది. 1881 నుంచి 1931 వరకు జరిగిన జనగణనలలో అంధత్వం, మూగ-చెవుడు, మతిభ్రమణం, కుష్ఠు అనే నాలుగు శీర్షికల కింద వివరాలు సేకరించారు. నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యం కూడా ఈ గణనలలో భాగమే. 1941 నుంచి 1971 వరకు ఈ ప్రశ్న జనగణన పట్టికల నుంచి తొలగిపోయింది. 1981లో తిరిగి వచ్చి, 1991లో మళ్లీ లేకుండా పోయింది. 2001లో ఐదు రకాలుగా, 2011లో ఎనిమిది రకాలుగా వైకల్యాలను నమోదు చేశారు. 2011 లెక్కల ప్రకారం దేశంలో వికలాంగుల సంఖ్య 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. ప్రశ్న ఉన్నప్పుడు కనిపించి, లేనప్పుడు మాయమైన ఈ జనసమూహం గురించి దీర్ఘకాలిక విద్యా ప్రణాళిక వేయడం ఏ పాలనకైనా కష్టమే.

నిజాం కాలంలో ఉన్నత విద్యకే కాక, దిగువ తరగతుల్లోనూ ఉర్దూకు పెద్దపీట ఉండేది. తెలుగు పల్లెల్లో చదువు ప్రధానంగా ఖాన్గీ బడుల మీద ఆధారపడింది. ఒకే పంతులు, ఇసుకలో అక్షరాలు దిద్దించడం, ఎక్కాలు వల్లెవేయించడం – ఇదీ ఆ బోధన తీరు. వల్లెవేత ప్రధానమైన చోట చూపులేని పిల్లవానికి కొంత వీలు ఉండవచ్చు. వినలేని బిడ్డకు అసలే వీలులేదు.

స్వాతంత్ర్యానంతరం వచ్చిన నిర్బంధ ప్రాథమిక విద్యా చట్టాలు ఈ స్థితిని మార్చలేదు. ఇతర రాష్ట్రాలకు నమూనాగా భావించిన 1960 నాటి ఢిల్లీ ప్రాథమిక విద్యా చట్టంలో పిల్లల శారీరక, మానసిక లోపాన్ని బడికి రాకపోవడానికి సహేతుక కారణాల్లో ఒకటిగా చేర్చారు. తల్లిదండ్రులను శిక్ష నుంచి తప్పించడం ఆ నిబంధన ఉద్దేశం. ఫలితంలో మాత్రం అది బిడ్డనే బడి నుంచి తప్పించింది. వైకల్యం ఇక్కడ హక్కుకు ఆధారంగా గాక మినహాయింపుకు కారణంగా చట్టంలోకి ప్రవేశించిందన్నది గమనార్హం.

3. జిల్లా కేంద్రం – ఆశ్రమ పాఠశాల:

1964–66 నాటి కొఠారి కమిషన్ వికలాంగ బాలలను వీలైనంత మేరకు సాధారణ పాఠశాలల్లోనే చదివించాలని సూచించింది. 1974లో కేంద్రం వికలాంగ బాలల సమైక్య విద్యా పథకాన్ని ఆరంభించింది. పుస్తకాలు, దుస్తులు, రవాణా ఖర్చు, అంధ విద్యార్థులకు చదివి వినిపించేవారి భత్యం వంటివి అందులోని అంశాలు. 1986 జాతీయ విద్యావిధానం స్వల్ప వైకల్యం గల పిల్లలు సాధ్యమైన చోటల్లా ఇతరులతో కలిసి చదవాలనీ, తీవ్ర వైకల్యం గలవారికి జిల్లా కేంద్రాలలో వసతి గృహాలతో కూడిన ప్రత్యేక పాఠశాలలు ఉండాలనీ నిర్దేశించింది.

ఈ రెండో సూత్రానికి ఆచరణ రూపం కరీంనగర్‌లో అంధ, బధిర విద్యార్థుల కోసం ప్రభుత్వం నడిపే ఆశ్రమ పాఠశాలలు. బ్రెయిలీ లిపి, సంజ్ఞాభాష తెలిసిన ఉపాధ్యాయులు ఒకచోట దొరకడం వాటి బలం. చిన్న వయసులోనే బిడ్డ ఇంటిని విడిచి వెళ్లవలసి రావడం వాటి పరిమితి. ఆడపిల్లల విషయంలో ఈ పరిమితి మరింత గట్టిది. పైగా బుద్ధిమాంద్యం, మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లలకు ఈ ఏర్పాటులో చోటు లేదు. ఫలితంగా కోరుట్ల సమీప పల్లెలోని కుటుంబానికి రెండే దారులు మిగిలాయి. బిడ్డను 70 కిలోమీటర్ల అవతల వదలడం, లేదా ఇంట్లోనే ఉంచుకోవడం.

4. మండలం – డి.పి.ఇ.పి. నుంచి భవిత వరకు:

1985లో ఉమ్మడి రాష్ట్రంలో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. ఇది పరిపాలనా సంస్కరణ. వికలాంగ బాలల విద్యను దృష్టిలో ఉంచుకుని చేసింది కాదు. అయినా తరువాతి కాలపు విద్యాసేవలన్నీ ఈ చిన్న ప్రమాణం మీదనే నిలిచాయి.

1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, అంటే డి.పి.ఇ.పి., రాష్ట్రంలో తొలి విడతగా ఐదు జిల్లాల్లో మొదలైంది. కరీంనగర్, వరంగల్, నెల్లూరు, కర్నూలు, విజయనగరం ఆ జిల్లాలు. స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటు కంటే తక్కువ కావడం ఎంపికకు ముఖ్య ప్రాతిపదిక. 1991లో ఆ జాతీయ సగటు 39.29 శాతం మాత్రమే. అంటే జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలకు ఈ పథకం వచ్చింది తల్లుల నిరక్షరాస్యత వల్ల. 1997 నుంచి డి.పి.ఇ.పి.లో వికలాంగ బాలల సమైక్య విద్య కూడా ఒక అంశమైంది. అలా ఒక వెనుకబాటును సరిదిద్దడానికి వచ్చిన యంత్రాంగం మరో వెనుకబాటును చూడడం నేర్చుకొంది. మండల వనరుల కేంద్రాలు, ఉపాధ్యాయ శిక్షణలు, గ్రామస్థాయి సర్వేలు ఆ యంత్రాంగంలోని భాగాలు.

ఇదే కాలంలో చట్టం కూడా మారింది. 1995 వికలాంగుల చట్టం 18 ఏళ్లు నిండేవరకు ఉచిత విద్యను ప్రభుత్వ బాధ్యతగా పేర్కొంది. 2001 నుంచి అమలైన సర్వశిక్షా అభియాన్ ఏ బిడ్డనూ తిరస్కరించరాదన్న సూత్రాన్ని స్వీకరించి, ఒక్కో బిడ్డకు ఏడాదికి 1,200 రూపాయల చొప్పున కేటాయింపు చూపింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2012 సవరణ వికలాంగ బాలలను ప్రతికూల పరిస్థితుల్లో ఉన్న వర్గంలో చేర్చి, తీవ్ర వైకల్యం గలవారికి ఇంటివద్ద చదువుకునే హక్కును కల్పించింది.

ఈ మార్పులన్నిటికీ క్షేత్రంలో కనిపించే రూపం మండలంలోని భవిత కేంద్రం. ఐ.ఇ.ఆర్.పి.లుగా పిలిచే సమ్మిళిత విద్యా రిసోర్సు పర్సన్లు అక్కడ ఒప్పంద పద్ధతిలో పనిచేస్తారు. నిత్యజీవన నైపుణ్యాలు, మాట, అక్షరం, అంకె నేర్పడం, నిర్ణీత దినాల్లో ఫిజియోథెరపీ, కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లి బోధించడం ఈ కేంద్రాల కార్యక్రమం. వసతి గృహంలో చేర్చనవసరం లేకుండా, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగల ఏర్పాటు ఇది.

5. ఇంటి ఆర్థికం – బీడీ, సాంచా, గల్ఫ్:

దూరం తగ్గినంత మాత్రాన బిడ్డ కేంద్రానికి చేరాడని కాదు. తీసుకువచ్చేవారు ఉండాలి. ఈ ప్రాంతపు జీవనాధారాలను గమనిస్తే ఈ షరతు ఎంత బరువైందో తెలుస్తుంది. జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి మగవారు గల్ఫ్ దేశాలకు వలస వెళ్లడం దశాబ్దాలుగా సాగుతోంది. సిరిసిల్ల నేతకార్మికుల్లో అనేకులు భివండి, సూరత్, షోలాపూర్‌లకు తరలిపోయారు. ఊళ్లో మిగిలినవారు సాంచాల మీద రాత్రింబగళ్లు వంతులవారీగా పనిచేస్తారు. మూడు ప్రాంతాల్లోనూ స్త్రీలు ఇంటివద్ద బీడీలు చుడతారు. ఈ పనికి కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది.

తండ్రి దూరదేశంలో ఉన్న ఇంట్లో బిడ్డను భవిత కేంద్రానికి తీసుకువెళ్లవలసింది తల్లే. ఆమె వెళ్లిన పూట బీడీలు చుట్టడం ఆగుతుంది. ఆ మేరకు కూలి పోతుంది. రవాణా భత్యం, ఎస్కార్ట్ భత్యం, బాలికలకు నెలకు 200 రూపాయల ఉపకారవేతనం వంటివాటిని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. అవి దానాలు కావు. బిడ్డ చదువు కోసం తల్లి వదులుకొనే కూలిలో కొంత భాగాన్ని రాజ్యం పంచుకోవడమే వాటి అంతరార్థం. భత్యం ఆలస్యమైతే హాజరు తగ్గడాన్ని తల్లిదండ్రుల నిర్లక్ష్యంగా నమోదు చేయడం చారిత్రక దృష్టితో చూస్తే పొరపాటు.

6. మారిన వైకల్య స్వరూపం:

1970లలో సహాయ పథకాలు రూపొందినప్పుడు పోలియో పిల్లల్లో వైకల్యానికి ప్రధాన కారణాల్లో ఒకటి. 1972లో కాన్పూరులో నెలకొన్న అలింకో సంస్థ తయారుచేసిన కాలిపర్లు, చేతికర్రలు, మూడుచక్రాల బండ్లు ఆనాటి అవసరానికి తగినవి. సర్వశిక్షా అభియాన్ కాలంలోనూ నిర్ధారణ శిబిరాలు, ఉపకరణాల పంపిణీ, ర్యాంపుల నిర్మాణం ప్రముఖంగా కనిపించాయి. కాళ్లు చచ్చుబడిన బిడ్డను తరగతిలోకి చేర్చితే చాలు, మిగిలిన పాఠం అందరితోపాటే సాగుతుంది.

దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో భారతదేశం పోలియో రహిత ధ్రువీకరణ పొందింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తింపును 7 రకాల నుంచి 21 రకాలకు విస్తరించి, ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం వంటివాటిని చేర్చింది. ఈ పిల్లలకు ర్యాంపుతో పనిలేదు. ఒత్తులు, గుణింతాలు కలగాపులగమయ్యే బిడ్డకు కావలసింది వేరే బోధనా పద్ధతి.

ఇక్కడ ధ్రువీకరణ నియమాలు మరో చిక్కును తెచ్చాయి. 2018 మార్గదర్శకాల ప్రకారం నిర్దిష్ట అభ్యసన వైకల్యానికి ధ్రువపత్రం 8 ఏళ్లు నిండిన పిల్లలకే ఇచ్చేవారు. అంటే అక్షరాలకు పునాది పడే ఒకటి, రెండు తరగతులు ఏ గుర్తింపూ లేకుండానే గడిచిపోతాయి. ఆ లోపల బిడ్డకు ‘మొద్దు’ అన్న పేరు స్థిరపడుతుంది. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. తెచ్చిన ‘ప్రశస్త్’ యాప్ తరగతి ఉపాధ్యాయుడే తొలి పరిశీలన చేసే వీలు కల్పించింది. అయితే పరిశీలన వేరు, బోధన వేరు.

7. మిగిలిన దూరం – బోధకుడు:

పిల్లలు ఊరబడిలో నమోదయ్యారు. ప్రత్యేక బోధన తెలిసినవారు మండలంలో ఉన్నారు, అదీ ఒప్పంద పద్ధతిలో. ఈ వైరుధ్యం మీదనే సుప్రీంకోర్టు రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. దాని దరిమిలా 2022లో కేంద్రం విద్యాహక్కు చట్టపు షెడ్యూలును సవరించి, ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుణ్ణి నిర్దేశించింది.

తెలంగాణలో 2024 ఫిబ్రవరి 29న వెలువడిన డీఎస్సీ ప్రకటనలోని 11,062 పోస్టుల్లో 220 స్కూల్ అసిస్టెంట్, 796 సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టులు ప్రత్యేక విద్యకు చెందినవి. రెగ్యులర్ ఉపాధ్యాయ శ్రేణుల్లో ఈ విభాగానికి ఇంత సంఖ్యలో చోటు దొరకడం చారిత్రకంగా ముఖ్యమైన మలుపు. అయినా రాష్ట్రంలోని 600కు పైగా మండలాలతో 796ను సరిచూస్తే మండలానికి ఒకరికంటే కొద్దిగా ఎక్కువ మాత్రమే. అంటే బోధకుడు ఇప్పటికీ మండలస్థాయిలోనే ఉన్నాడు. ఊరబడికి ఇంకా చేరలేదు.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. ఈ ప్రాంతంలో ప్రత్యేక అవసరాల పిల్లల విద్య జిల్లా, మండలం, గ్రామం అనే మూడు మెట్లుగా విస్తరించింది. 1985 నాటి మండల వ్యవస్థ, 1996 నాటి డి.పి.ఇ.పి. వేరే ఉద్దేశాలతో వచ్చినా ఈ విస్తరణకు మార్గం వేశాయి.

2. చట్టంలో వైకల్యం స్థానం హాజరుకు మినహాయింపు నుంచి చదువుకు హక్కుగా మారింది. కాని గుర్తింపు నడిచినంత వేగంగా బోధన నడవలేదు.

3. సహాయ విధానం పోలియో కాలపు అవసరాల మీద ఏర్పడింది. నేటి తరగతిలోని అవసరాలకు ఉపకరణాల కంటే శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు ముఖ్యం.

4. భత్యాలను బీడీ, సాంచా, గల్ఫ్ ఆర్థిక నేపథ్యం నుంచి విడదీసి అంచనా వేయడం సరికాదు.

హాజరుపట్టీలో పేరు ఎక్కడం ఈ చరిత్రలో చిన్న విజయం కాదు. ఒకప్పుడు ఆ పేరు లేకపోవడాన్నే చట్టం సహేతుకమన్నది. పేరు పిలిచినప్పుడు పలికిన ఆ బిడ్డకు ఆ పూట పాఠం అందిందా అన్నదే ఇకపై ఈ విద్యను కొలవవలసిన ప్రమాణం.