ఎదుటివారి మాట – మన బదులు

కొన్ని సంవత్సరముల క్రిందట శ్రోతల ఉత్తరములకు సమాధానములు చెప్పు కార్యక్రమము నా వంతునకు వచ్చినది. ఒకనాడు ఒక గ్రామమునుండి ఒక వృద్ధ రైతు వ్రాసిన కార్డును చదువవలసి వచ్చెను. వ్యవసాయ ప్రసంగములు మంచివేగాని, నాట్లు ముగిసిన పిమ్మట నాట్లను గురించి చెప్పినచో వానివలన ప్రయోజనము లేదని ఆయన వ్రాసిరి. కాలము చాలదను తొందరలో నేను ఆ వాక్యమును కుదించి, "వ్యవసాయ ప్రసంగములవలన ప్రయోజనము లేదని ఒక శ్రోత వ్రాసినారు" అని పేరు ఊరు సహా చదివితిని. పిమ్మట ఆ ప్రసంగముల ఉపయోగమును గూర్చి నాలుగు నిమిషములు ధారాళముగా సమాధానము చెప్పితిని. వారము తిరుగకమునుపే మరియొక కార్డు వచ్చెను. అందులో కోపము లేదు. "అయ్యా, మీ సమాధానము బాగున్నది. కాని ఆ మాట నేను అనలేదు. మా ఊరివారు మాత్రము నేనే అంటినని నమ్ముచున్నారు" అని రెండు పంక్తులు మాత్రము ఉండెను.

ఎదుటివారి మాటను ఎంతవరకు తిరిగి చెప్పవలెను, మన బదులును ఎక్కడ ఉంచవలెను అను ప్రశ్న ఆ కార్డు చేతికి వచ్చిన దినమునుండి నన్ను విడువలేదు. నేడు కోట్లకొలది జనులు ఈమెయిలులోను, ఫోనులలోని బృంద చర్చలలోను నిత్యము ఒకరికొకరు బదులు వ్రాయుచున్నారు గనుక ఈ ప్రశ్న ఇంటింటి ప్రశ్న యైనది. ఐనను ఇది నేడు పుట్టినది కాదు. దీనికి మిక్కిలి పొడవైన చరిత్ర కలదు.

మన దేశములో ఈ మర్యాదను శాస్త్రముగా కట్టుదిట్టము చేసినవారు నైయాయికులు. గౌతముని న్యాయసూత్రములలో చర్చ మూడు విధములుగా విభజింపబడినది. నిజమును తెలిసికొనగోరి చేయునది వాదము. గెలుపునే కోరి చేయునది జల్పము. తనకొక పక్షమును నిలుపుకొనక, ఎదుటి పక్షమును పడగొట్టుటకే చేయునది వితండ. ఈ చర్చలలో ఒకడు ఓడిపోయినట్లు సభవారు నిర్ణయించుటకు 22 నిగ్రహస్థానములు చెప్పబడినవి. వానిలో ఒకటి అననుభాషణము. ప్రతివాది తన మాటను ముమ్మారు చెప్పి, సభవారికి అది తెలిసిన పిమ్మటకూడ, దానిని తిరిగి ఉచ్చరింపలేకపోయినవాడు ఓడిపోయినట్లే. కారణము స్పష్టమే. ఎదుటివాడు చెప్పినదానిని తిరిగి చెప్పలేనివాడు దేనిని ఖండించుచున్నట్లు?

ఐతే తిరిగి చెప్పుటకును హద్దు కలదు. చెప్పినదానినే ఊరక మరల చెప్పుట పునరుక్తమను దోషము. అదికూడ నిగ్రహస్థానమే. ఈ దోషమునుండి సూత్రకారుడు అనువాదమును మినహాయించెను. నేడు మనము అనువాదమను మాటను భాషాంతరీకరణమను అర్థములో వాడుచున్నాము. శాస్త్రములో దాని అర్థము వేరు. ఒక ప్రయోజనముకొరకు ముందు చెప్పబడినదానిని తిరిగి చెప్పుట అనువాదము. అనగా, బదులుకు అవసరమైనంత చెప్పకున్న ఒక తప్పు, అవసరము లేనిదంతయు చెప్పిన మరియొక తప్పు. ఈ రెండు తప్పుల నడుమ సన్నని దారి యున్నది.

మూడవ తప్పు ఇంకను పెద్దది. దానికి ఛలమని పేరు. వాత్స్యాయన భాష్యములో దానికొక ఉదాహరణము ప్రసిద్ధము. ఒక బాలుడు నవకంబళము కప్పుకొన్నాడని ఒకడనును. క్రొత్త కంబళియని అతని ఉద్దేశము. ఎదుటివాడు నవ శబ్దమునకు తొమ్మిది అను అర్థము తీసి, "ఇతనికి ఒక కంబళియే కదా ఉన్నది, తొమ్మిది ఎక్కడివి?" అని ఆక్షేపించును. మాట మారలేదు, ఒక్క అక్షరమైనను తప్పిపోలేదు. కాని చెప్పినవాని భావము చెడినది. నేను రైతు వాక్యమునకు చేసినది దీనికంటె తక్కువ నేరము కాదు. ఆయన పెట్టిన షరతును తీసివేసి, మిగిలినదానిని ఆయనకు అంటగట్టితిని.

ఈ నియమములు గ్రంథరచనలోనికిని వచ్చినవి. మన కృష్ణాతీరముతో సంప్రదాయము ముడివేసిన ఆచార్య నాగార్జునుడు విగ్రహవ్యావర్తని అను చిన్న గ్రంథమును రచించెను. అందు 70 శ్లోకములు కలవు. మొదటి 20 శ్లోకములు ప్రతిపక్షుల ఆక్షేపణలు. తరువాతి 50 శ్లోకములు వానికి సమాధానములు. మొదటి భాగమును మాత్రమే చదివినవాడు ఇది నాగార్జునుని ప్రత్యర్థి వ్రాసిన గ్రంథమేమో అని భ్రమపడదగినంత బలముగా ఆ ఆక్షేపణలున్నవి. తరువాతి కాలమున మీమాంసకులు, వేదాంతులు తమ భాష్యములలో విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము అను క్రమమును పాటించిరి. పూర్వపక్షము ముందు, సిద్ధాంతము వెనుక. ఎదుటివాని మాట చదువరికి చేరకమునుపు మన తీర్పు చేరరాదని ఈ క్రమమునకు భావము.

ఈ మర్యాద కేవలము సౌజన్యమునకు సంబంధించినది మాత్రము కాదు. ఒక్కొక్కప్పుడు ఎదుటివాని మాట బ్రతుకుటయు చచ్చుటయు మన చేతిలో నుండును. చార్వాకుల మూలగ్రంథములు మనకు దక్కలేదు. వారు ఏమనిరో తెలిసికొనుటకు వారిని ఖండించినవారి గ్రంథములే మనకు ఆధారము. 14వ శతాబ్దమున విజయనగరకాలపు మాధవాచార్యుడు రచించిన సర్వదర్శనసంగ్రహము చార్వాక దర్శనముతోనే మొదలగుచున్నది. పడమటి దేశములలోను ఇట్టి కథ కలదు. 2వ శతాబ్దమున సెల్సస్ అను గ్రీకు పండితుడు క్రైస్తవ మతమును విమర్శించుచు ఒక గ్రంథము వ్రాసెను. అది నశించినది. కాని 248 ప్రాంతమున ఓరిజెన్ అను క్రైస్తవ పండితుడు దానికి ఎనిమిది సంపుటముల సమాధానము వ్రాయుచు, సెల్సస్ వాక్యములను వరుసగా ఉదాహరించి, ఒక్కొక్కదానికి క్రింద బదులు చెప్పెను. అందుచేత ఆ నశించిన గ్రంథములో చాలభాగము దాని విరోధి పుటలలోనే నేటికిని నిలిచియున్నది. ఓరిజెన్ ఆ మాటలను నావలె కుదించి యుండినచో నేడు సెల్సస్ ఎవరో, ఏమనెనో మనకు తెలియకపోయెడిది.

ఇక ఉదాహరణమును కంటికి చూపు గుర్తులను గూర్చి కొంచెము చెప్పవలెను. తాళపత్రములలో మనకు ఉద్ధరణ చిహ్నములు లేవు. "అని" అను రెండక్షరములే మనకు ఆ పని చేసినవి. కాని "అని" వాక్యాంతమున వచ్చును. మాట ఎక్కడ ముగిసినదో అది తెలుపును గాని, ఎక్కడ మొదలైనదో తెలుపదు. రేడియోలో పనిచేయువారికి ఈ చిక్కు బాగుగా తెలియును. కాగితముమీది గుర్తు శ్రోత చెవికి వినబడదు. "వారి మాటలలోనే చెప్పుచున్నాను" అని ముందు చెప్పి, ముగిసిన పిమ్మట ఒక్క క్షణము ఆగినగాని ఏది ఉత్తరములోని మాటయో, ఏది మా మాటయో తెలియదు. గ్రీకులు వేరొక ఉపాయము చేసిరి. క్రీస్తుపూర్వము 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో అరిస్టార్కస్ అను పండితుడు హోమరు కావ్యములను పరిష్కరించుచు, గమనింపదగిన పంక్తుల ప్రక్కన అంచులో బాణపు మొనవంటి చిన్న గుర్తు నుంచెను. దానిని డిప్లె అనిరి. తరువాతి లేఖకులు మతగ్రంథములనుండి తీసికొన్న ప్రతి పంక్తికి ఎదురుగా అదే గుర్తు నుంచసాగిరి. అచ్చు వచ్చిన పిమ్మట నేటి ఉద్ధరణ చిహ్నములు ఆ సంప్రదాయమునుండియే రూపొందినవి.

రెండువేల సంవత్సరములు గడచిన పిమ్మట అదే ఆకారము, అదే అంచులో, మరల ప్రత్యక్షమగుట ఒక వింత. 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు ఉత్తరము పంపు పద్ధతిని రూపొందించెను. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ యూజ్‌నెట్ అను చర్చా వ్యవస్థను తలపెట్టిరి. ఒక చోట వ్రాసిన లేఖ కంప్యూటరునుండి కంప్యూటరునకు చేతులు మారుచు ఊరూరికి చేరుటయే దాని పద్ధతి. ఈ చర్చలలో బదులు వ్రాయబూనినప్పుడు యంత్రము పాత లేఖను క్రొత్త కాగితముమీదికి ఎత్తి, ప్రతి పంక్తి మొదట బాణపు మొన గుర్తు నుంచును. బదులుకు బదులు వ్రాసినచో పాత పంక్తులకు రెండు గుర్తులు చేరును. గుర్తులను లెక్కించి ఏ మాట ఎవరిదో పోల్చుకొనవచ్చును. ఫలానా తేదీన ఫలానావారు ఇట్లు వ్రాసిరని పైన ఒక పంక్తి యుండును. మంచి అలవాటుగలవారు అనవసరమైన పంక్తులను కొట్టివేసి, నిలిపిన ఒక్కొక్క మాట క్రింద తమ బదులు వ్రాసెడివారు. పూర్వపక్షము, దాని క్రింద సిద్ధాంతము!

అందరును మంచి అలవాటుగలవారు కారు. నూరు పంక్తుల లేఖను పూర్తిగా దించి, చివర "నేనును అంగీకరించుచున్నాను" అని ఒక్క పంక్తి చేర్చువారు బయలుదేరిరి. ఆనాడు తంతి మార్గములు మందగామినులు, వ్యయము అధికము. అందుచేత కొన్ని చోట్ల యంత్రమే, క్రొత్త పంక్తులకంటె పాత పంక్తులు ఎక్కువగానున్న లేఖను నిరాకరించునట్లు ఏర్పాటు చేసిరి. దానిని తప్పించుకొనుటకు కొందరు అర్థములేని పంక్తులను నింపి లెక్క సరిపెట్టిరి. మర్యాదను యంత్రమునకు అప్పగించినచో జరుగునది ఇదియే.

1995 అక్టోబరులో ఇంటెల్ సంస్థకు చెందిన శాలీ హాంబ్రిడ్జ్ ఈ మర్యాదలను ఒకచోట కూర్చిన పత్రము వెలువడినది. ఇంటర్నెట్టు నియమపత్రముల వరుసలో దాని సంఖ్య 1855. బదులు వ్రాయునప్పుడు మూలలేఖను సంగ్రహముగా చెప్పుడు, లేదా సందర్భము తెలియుటకు చాలినంత భాగము నుంచుడు, మొత్తమును ఉంచకుడు అని దాని సారము. దానికి ఆ పత్రము చూపిన కారణము శ్రద్ధగా గమనింపదగినది. లేఖలు పలు మార్గములలో ప్రయాణించును గనుక, మూలలేఖకంటె ముందుగా దాని బదులే కొందరికి చేరవచ్చును. మూలమును ఎన్నడును చూడనివానికికూడ న్యాయము జరుగవలెనని భావము. వచ్చిన లేఖను ఇతరులకు పంపునప్పుడు మాటలు మార్చరాదు, కుదించినచో ఎవరి మాటయో చెప్పవలెను, ఒకరు మనకు సొంతముగా వ్రాసినదానిని పదిమందిలో పెట్టుటకుముందు వారి అనుమతి కోరవలెను అనియు అందున్నది.

ఈ చర్చలలో తెలుగువారును పాల్గొనిరి. తెలుగు సంస్కృతికై యూజ్‌నెట్‌లో ప్రత్యేకముగా ఒక చర్చావేదిక వెలసినది. 1990 దశకమున అమెరికా మొదలగు దేశములలోనున్న మనవారు తెలుగు లిపి తెరమీద సులభముగా కనబడని ఆ దినములలో, రోమను అక్షరములతో తెలుగు మాటలు కూర్చి పద్యములను గురించియు, మాండలికములను గురించియు వాదించుకొనిరి. ఎవరి పంక్తి ఎవరిదో ఆ బాణపు గుర్తులే వారికి తెలిపినవి.

తరువాత కార్యాలయములకు ఈమెయిలు వ్యాపించినప్పుడు మరియొక పద్ధతి బలపడినది. క్రొత్త బదులు పైన, పాత ఉత్తరములన్నియు దాని క్రింద దొంతరగా. కార్యాలయములో ఇది పూర్తిగా నిరర్థకము కాదు. ఫైలులోవలె వెనుకటి వ్యవహారమంతయు ఒకచోట నుండును, క్రొత్తగా చేరినవారు అడుగునుండి చదువుకొనవచ్చును. పలువురు పలు విషయములను వాదించు చర్చకు మాత్రము అది తగదు. "అవును, సమ్మతమే" అని పైన చూచినవాడు, దేనికి సమ్మతమో తెలిసికొనుటకు దొంతరయంతయు త్రవ్వవలసివచ్చును. ఆ దొంతరలో ఒకరు మరియొకరిని గురించి ఆంతరంగికముగా వ్రాసిన మాట అడుగున దాగియుండి, పోరానివారి చేతికి పోవుటయు కలదు.

నేడు ఫోనులో ఒక వాక్యమును తాకి, దానికే బదులు వ్రాయవచ్చును. ఉపకరణము మెరుగైనది. ఐనను ఒక వాక్యమును దాని ముందు వెనుకలనుండి కత్తిరించి, చిత్రముగా తీసి, ఊరంతటికి పంపుటయు అంతే సులభమైనది. అక్షరము మారదు, భావము మారును. వాత్స్యాయనుని కంబళి కథయే.

కనుక ఏ పరికరముతో వ్రాసినను పాత నియమములే చాలును. ఎదుటివారి మాటను వారే విని, "అవును, నేనన్నది ఇదియే" అని ఒప్పుకొనునట్లు చెప్పవలెను. మన బదులుకు కావలసినంతే ఉంచవలెను గాని, వారి షరతును, సందేహమును తీసివేయరాదు. ఎవరిదో చెప్పవలెను. పిమ్మట ఎంత గట్టిగానైనను ఖండింపవచ్చును.

ఆ రైతు రెండవ కార్డు అందిన తరువాతి వారము నేను ఆయన మొదటి వాక్యమును ఆద్యంతము చదివి, తప్పు నాదేనని చెప్పితిని. గడియారము చూచుకొంటిని. ఆ వాక్యమునకు పట్టిన కాలము పన్నెండు సెకండ్లు. నేను మొదట ఆదాచేయదలచినది అంతే.