సోది ఎవరిది? (మాటల వెనుక మనుషులు – 9)



పోయిన నెల ఒక విశ్వవిద్యాలయంలో సభకు వెళ్లాను. స్కాలర్‌షిప్పులు ఆగిపోయి మెస్ బిల్లు కట్టలేని పిల్లల గురించి ఎమ్మే చదివే ఒక మాదిగ అమ్మాయి మాట్లాడింది. రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టి, వాళ్లమ్మ కూలి లెక్క దగ్గర మొదలుపెట్టింది. ముందు వరుసలో ఒక పెద్దమనిషి పక్కాయనతో "మంబో జంబో" అని నవ్వాడు. ఆ మాట ఆమెకీ వినపడింది. సభ అయ్యాక నా దగ్గరికొచ్చి "అన్నా, అంటే ఏంటి?" అని అడిగింది. "అర్థంపర్థం లేని మాట అని" చెప్పాను. ఇంటికొచ్చాక నా జవాబు నాకే చాలలేదు. ఎవరి మాటని ఎవరు అర్థం లేదన్నారు? అక్కణ్నుంచి తవ్వడం మొదలుపెట్టాను.

మంబో జంబో అసలు పశ్చిమ ఆఫ్రికాలో మాండింకా ప్రజల ఊళ్లలోది. ఇంగ్లీషు వాళ్లకి దీన్ని ముందుగా పరిచయం చేసినవాళ్లలో ఫ్రాన్సిస్ మూర్ ఒకడు. అతను రాయల్ ఆఫ్రికన్ కంపెనీ ఉద్యోగి. మనుషుల్ని కొని అమ్మిన కంపెనీ అది. గాంబియా నది మీద చేసిన ఆ కొలువు అనుభవాలతో 1738లో పుస్తకం వేశాడు. తర్వాత 1799లో మంగో పార్క్ తన యాత్రల పుస్తకంలో ఇంకా వివరంగా రాశాడు. ఊరి బయట చెట్టుకి బెరడుతో చేసిన వేషం వేలాడుతుంటుంది. ఇంట్లో భార్యలు గొడవపడితే రాత్రిపూట ఒక మగాడు ఆ వేషం కట్టుకుని వస్తాడు. ఊరందరినీ పోగుచేసి, తప్పు చేసిందన్న ఆడమనిషిని కట్టేసి కొడతాడు.

ఇందులో మురిసిపోవాల్సింది ఏమీ లేదు. అది మగపెత్తనం, భయపెట్టి పాలించే పద్ధతి. కానీ ఒక్కటి గమనించండి. దెబ్బలు తిన్న ఆ ఆడమనిషికి మంబో జంబో అంటే ఏంటో పూర్తిగా తెలుసు. ఆమెకి వీపు మీద వాతలుగా అర్థమైన మాటే ఇంగ్లీషులోకి వచ్చేసరికి "అర్థం లేనిది" అయిపోయింది.

"పలావర్" కూడా ఆ తీరం నుంచే వచ్చింది. పోర్చుగీసులో "పలావ్రా" అంటే మాట, అంతే. ఆఫ్రికా తీరంలో వర్తకులు, స్థానిక పెద్దలు కూర్చుని జరిపే చర్చకి ఆ పేరు పడింది. ఇంగ్లీషు నావికులు దాన్ని ఇంటికి మోసుకెళ్లారు. అక్కడ అది ఊకదంపుడు అయింది, ఉత్త హడావుడి అయింది. లైబీరియాలో మాత్రం పలావర్ గుడిసె అంటే ఈనాటికీ తగవులు తీర్చుకునే చోటే. అంతర్యుద్ధం గాయాలు మాన్చడానికి ఆ పద్ధతినే వాడమని 2009లో ఆ దేశపు సత్యశోధన కమిషన్ సిఫారసు చేసింది. ఒకే మాట! తన ఊళ్లో న్యాయం, దొర నోట్లో సొల్లు.

ఇక "బంకమ్". ఇది నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

1820 ఫిబ్రవరి. అమెరికా ప్రతినిధుల సభ. మిస్సోరీని బానిసత్వం ఉన్న రాష్ట్రంగా చేర్చుకోవాలా వద్దా అని చర్చ. ఓటు పెట్టండని అందరూ కేకలేస్తున్నారు. ఉత్తర కరోలినా నుంచి వచ్చిన ఫెలిక్స్ వాకర్ లేచాడు. బంకమ్ అనే కౌంటీ అతని నియోజకవర్గంలోది. కూర్చోమంటే కూర్చోలేదు. నా బంకమ్ జనం కోసం మాట్లాడి తీరాలన్నాడు. ఆ రోజు నుంచి పసలేని ఉపన్యాసానికి బంకమ్ పేరు స్థిరపడింది. దాన్నే కుదించి "బంక్" అన్నారు. 1923లో విలియం వుడ్‌వర్డ్ అనే రచయిత దాని నుంచే "డీబంక్" పుట్టించాడు. మనం అబద్ధాల గుట్టు విప్పేటప్పుడు గర్వంగా వాడే మాట అదే.

ఈ కథని అందరూ నవ్వుతూ చెబుతారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఏడాది జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో 15 లక్షల మందికి పైగా బానిసలున్నారు. ఓటు వాళ్ల బతుకు మీద. సభలో వాళ్లకి ఒక్క నిమిషం లేదు. సభ సమయాన్ని వృథా చేసే హక్కు కూడా వాకర్‌కే ఉంది. మిస్సోరీ బానిస రాష్ట్రంగానే చేరింది. చరిత్ర మాత్రం వాకర్ సోదిని గుర్తుపెట్టుకుంది.

సోది అన్నాను కదా. మన ఇంటికి వద్దాం.

"సోది ఆపరా" అని రోజుకి పదిసార్లు అంటాం. సోది ఎవరిది? ఎరుకల అమ్మది. బుట్ట చంకన పెట్టుకుని వాకిట్లోకొచ్చి, ఇల్లాలి చెయ్యి పట్టుకుని, పోయిన బిడ్డ గురించి, రాని మొగుడి గురించి చెప్పే మాట సోది. ఆమె దాన్ని "ఎరుక" అని కూడా అంటుంది. ఎరుక అంటే జ్ఞానం. మనం ఎరుకని వదిలేసి సోదిని తిట్టుగా ఉంచుకున్నాం. జోస్యం నిజమని నేననడం లేదు. కానీ ఉగాది నాడు పట్టుబట్టలు కట్టి చదివితే అది పంచాంగ శ్రవణం. ఎరుకల అమ్మ చెబితే సోది. తేడా జోస్యంలో ఉందా, చెప్పే మనిషిలో ఉందా? 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజ్యానికీ తెచ్చి, ఆమె జాతినంతా పుట్టు దొంగలుగా రాశారు. స్టువార్టుపురం అలా వెలిసిన సెటిల్‌మెంటే. 1952లో చట్టం పోయింది. తిట్టు పోలేదు.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకుంటాను. ఆ సభకి వారం ముందు మా కమిటీ మీటింగులో ఒక అక్క మాట్లాడుతోంది. వాళ్లత్త చావు, ఆ రోజు వాన, పాడె మోసినవాళ్ల కాళ్లు బురదలో దిగబడటం, అన్నీ చెబుతోంది. నేను గడియారం చూసి "అక్కా, సోది వద్దు, పాయింటుకి రా" అన్నాను. ఆమె కూర్చుండిపోయింది. మళ్లీ నోరు తెరవలేదు. మా వాడ శ్మశానానికి దారి లేదన్నదే ఆమె పాయింటు. ఆమె దాన్నే చెబుతోంది. వినడం నాకు చేతకాలేదు.

ముందు వరుస పెద్దమనిషి మీద కోపంతో ఈ వ్యాసం మొదలుపెట్టాను. మధ్యలోకొచ్చేసరికి అతని పక్క కుర్చీలో నేనే కనిపించాను. నిన్న అక్క ఇంటికెళ్లి క్షమాపణ అడిగాను. శ్మశానం దారి అర్జీ ఈసారి ఆమె చెప్పినట్టే, అత్త చావు దగ్గర మొదలుపెట్టి రాస్తున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సభల్లో మనవాళ్లకి చివర్లో రెండు నిమిషాలిచ్చి "త్వరగా ముగించండి" అంటారు. ఆ రెండు నిమిషాల్లో కూలి లెక్క, అమ్మ కథ, ఆగిపోయిన ఫీజు అన్నీ ఇమడవు. ఇమడకపోతే అది సోది కాదు, సమయం ఇవ్వనివాళ్ల తప్పు. సాగదీసి చెప్పండి. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఎదుటివాళ్లని సాగదీసి చెప్పనిద్దాం.

వచ్చే భాగంలో డప్పు పేరు నుంచి పుట్టి, ఇంగ్లీషులో వెలి అయిపోయిన "పరయా" గురించి.

జై భీమ్.