ఇఖ్తినాఖె రహిమ్‌కు హిస్టీరియా అనే పేరు ఎలా వచ్చింది?

మదనపల్లెలోగాని, పుంగనూరులోగాని, కుప్పంలోగాని వయసు వచ్చిన ఆడపిల్ల ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ బిగబట్టి పడిపోతే, దానికి పేర్లు ముందే సిద్ధంగా ఉంటాయి. ముస్లిముల ఇళ్లలో పెద్దవారు దక్కనీలో 'సాయా' అంటారు, 'అసర్' అంటారు. ఇరుగుపొరుగు తెలుగువారు 'గాలి సోకింది' అంటారు. చదువుకున్నవారు 'హిస్టీరియా' అంటారు. ముందు పేర్లు మూఢనమ్మకమనీ, చివరిది శాస్త్రమనీ సాధారణాభిప్రాయం. కాని ఈ చివరి మాట చరిత్రను తరచి చూస్తే, అందులో వైద్యుల పాత్ర ఎంత ఉన్నదో అనువాదకుల పాత్ర కూడా అంత ఉన్నట్టు తేలుతుంది.

గ్రీకు భాషలో 'హిస్టెరా' అంటే గర్భాశయం. క్రీస్తు పూర్వం అయిదు, నాలుగు శతాబ్దాల నాటి హిప్పోక్రటీస్ సంప్రదాయ గ్రంథాలలో, గర్భాశయం ఎండి తేలికై పైకి జరిగి ఊపిరి ఆడనివ్వదన్న భావన ఉన్నది. అయితే ఆ గ్రంథాలలో 'హిస్టీరియా' అనే పేరుగల రోగం లేదు. గర్భాశయానికి సంబంధించినది అనే అర్థంలో ఒక విశేషణం మాత్రమే ఉన్నది. 1839-1861 మధ్య ఫ్రెంచి పండితుడు ఎమిల్ లిత్రే ఆ గ్రంథాలను పది సంపుటాలుగా ప్రచురించి అనువదించినప్పుడు, తన కాలపు రోగనామాన్ని ప్రకరణ శీర్షికలలో పెట్టాడు. తరువాతి వైద్యులు ఆ శీర్షికలను చూసి, ఈ రోగాన్ని హిప్పోక్రటీసే కనిపెట్టాడని నమ్మారు. ఈ సంగతిని హెలెన్ కింగ్ అనే చరిత్రకారిణి 1993లో సవివరంగా నిరూపించారు.

గ్రీకు గ్రంథాలకూ ఐరోపాకూ నడుమ అరబ్బీ భాష ఉన్నది. గాలెన్ గ్రంథాలను హునైన్ బిన్ ఇస్‌హాఖ్ (809-873), ఆయన శిష్యులు బగ్దాదులో సురియానీ, అరబ్బీ భాషలలోకి తెచ్చారు. గర్భాశయం జంతువులా దేహంలో తిరుగుతుందన్న మాటను గాలెన్ అప్పటికే త్రోసిపుచ్చాడు. లోపల నిలిచిపోయిన బీజమో రుతురక్తమో చెడి బాధపెడుతుందని అతని అభిప్రాయం. అరబ్బీలో దీనికి స్థిరపడిన పేరు 'ఇఖ్తినాఖుర్రహిమ్'. ఇఖ్తినాఖ్ అంటే ఊపిరి బిగబట్టుకుపోవడం. రహిమ్ అంటే గర్భాశయం. ('రహ్మత్', 'సిలె రహ్మీ' అన్న మాటలు కూడా ఈ ధాతువు నుండే వచ్చాయి. అవమానానికి తావులేని మాట ఇది.)

షేఖుర్రయీస్ ఇబ్నె సీనా 'అల్ ఖానూన్' మూడవ గ్రంథంలో దీనిని సర్అ, అంటే మూర్ఛరోగాన్నీ, స్పృహ తప్పడాన్నీ పోలిన వ్యాధిగా వర్ణించారు. మూలం గర్భాశయంలో ఉండి, హృదయం, మెదడు దానితో పాలుపంచుకుంటాయన్నారు. సర్అకూ దీనికీ తేడా ఎలా గుర్తించాలో కూడా చెప్పారు: నోట నురగ కారుతుందా? తెలివి పూర్తిగా పోతుందా? తేరుకున్నాక జరిగినది జ్ఞాపకం ఉంటుందా? కారణం విషయంలో ఆయన పొరబడ్డారు. కాని రోగిణిని దగ్గరగా గమనించి, ప్రశ్నించి తెలుసుకోవాలన్న పద్ధతి మాత్రం మెచ్చదగినది. ఉన్మాద ప్రకరణంలో జిన్నుల ప్రసక్తి వచ్చినప్పుడు కూడా, కారణం అదే అయినా వైద్యుడు చూడవలసినది శరీరంలో వచ్చిన మార్పునే అన్న ధోరణిలో వ్రాశారు.

అయితే ఈ పరంపరలో ఒక చెడు సలహా కూడా దిగివచ్చింది. పెళ్లికాని పిల్లకు, వితంతువుకు వివాహమే మందు అన్న మాట గ్రీకు గ్రంథాలలో ఉన్నది, మన హకీముల పుస్తకాలలోకీ ప్రవేశించింది. "నికాహ్ చేస్తే అదే పోతుంది" అని నేటికీ అంటున్నారు. కన్య అనుమతి లేనిదే నికాహ్ చేయరాదని హదీసు చెబుతుండగా, ఆమె జబ్బునే అనుమతికి బదులుగా వాడుకోవడం ఎక్కడి న్యాయం? జబ్బును మగపెళ్లివారికి దాచి చేసే పెళ్లి సంగతి చెప్పనే అక్కరలేదు.

ఈ సందర్భంలో బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ద్వారా వచ్చిన హదీసు గమనింపదగినది. సర్అతో బాధపడే ఒక నల్లజాతి స్త్రీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. ఓర్చుకుంటే స్వర్గమనీ, కోరితే స్వస్థతకై ప్రార్థిస్తాననీ ఆయన (స) చెప్పారు. ఆమె ఓర్పునే ఎంచుకుని, పడిపోయినప్పుడు తన ఒంటిమీది బట్టలు తొలగిపోకుండా ప్రార్థించమని మాత్రం వేడుకున్నది. ఆమె నటిస్తున్నదని ఎవరూ అనలేదు. నిర్ణయం ఆమెకే విడిచిపెట్టబడింది.

అరబ్బీ నుండి లాటిన్‌కు 'గర్భాశయపు ఊపిరాడనితనం' అనే అర్థంలోనే ఈ పేరు చేరింది. అది కొన్నిచోట్ల మేలు కూడా చేయజూసింది. 1602లో లండనులో మేరీ గ్లోవర్ అనే బాలికకు చేతబడి చేసిందని ఒక వృద్ధురాలిపై నేరం మోపినప్పుడు, ఎడ్వర్డ్ జోర్డన్ అనే వైద్యుడు ఇది ప్రకృతిసిద్ధమైన రోగమని సాక్ష్యం చెప్పాడు. న్యాయాధిపతి వినలేదు. మరుసటి ఏడు జోర్డన్ దీనిపై పుస్తకం వ్రాశాడు. పారిస్‌లో షార్కో, వియన్నాలో ఫ్రాయిడ్ చేసిన పని అందరికీ తెలిసినదే. వారి కాలానికి గర్భాశయం ప్రసక్తి పోయింది, పేరు మిగిలింది.

ఆ పేరు ఇంగ్లీషు వైద్యంతో మన సీమకు వచ్చింది. ఉర్దూలో దాని ఎదురుగా ఇఖ్తినాఖుర్రహిమ్‌ను నిలబెట్టారు. ఆయుర్వేదం వైపు 'యోషాపస్మారం' అన్నారు. చరక, సుశ్రుత సంహితలలో ఈ మాట లేదు. మూడు వేర్వేరు ఊహలు ఒకే నిఘంటువు వరుసలో సమానార్థకాలయ్యాయి. పైగా గోషా ఇళ్లలో రోగిణి బాధ చాలావరకు ఇంటి మగవారి నోటనే హకీముకు చేరేది. మద్రాసులో 1885లో గోషా ఆస్పత్రి, తరువాత మదనపల్లెలో ఆర్కాటు మిషన్ వారి మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి వచ్చాకనే, స్త్రీ తన బాధను తానే మరొక స్త్రీకి చెప్పుకునే వీలు ఈ ప్రాంతంలో ఏర్పడింది.

లండనులో 1950లలో హిస్టీరియా అని నిర్ణయించిన 85 మందిని ఎలియట్ స్లేటర్ సుమారు తొమ్మిదేళ్ల తరువాత పరిశీలించి 1965లో ఫలితాలు ప్రకటించాడు. వారిలో చాలామందికి శారీరక వ్యాధులు బయటపడ్డాయి. 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ నుండి ఆ పేరును తొలగించారు. 2005లో జాన్ స్టోన్ బృందం పాత పరిశోధనలన్నిటినీ క్రోడీకరించగా, ఇటువంటి పొరపాటు 1950లలో 29 శాతం, 1970 తరువాత సుమారు 4 శాతం అని తేలింది. నరాలు చెడకపోయినా వాటి పనితీరు తప్పడం నిజమైన జబ్బేననీ, అది పురుషులకూ వస్తుందనీ నేటి వైద్యులు అంగీకరిస్తున్నారు. కాలు కదలదన్న రోగికి రెండవ కాలు ఎత్తించి, మొదటి కాలిలో బలం తిరిగి కనిపించడాన్ని గమనించే పరీక్ష 1908 నుండే ఉన్నది. ఉర్దూ తిబ్బీ పుస్తకాలలో మాత్రం 'ఇఖ్తినాఖుర్రహిమ్' పక్కన కుండలీకరణంలో 'హిస్టీరియా' అనే ఇంకా అచ్చవుతున్నది.