మోడి లిపి, లెక్కలు, నాగలి: 1882లో ఫూలే అడిగిన సిలబస్ (బడి చరిత్ర – 7)



జూన్ వచ్చింది, బడులు తెరిచారు. ప్రైవేటు బడులైతే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక కాగితం పెడతాయి. ఈ టర్మ్‌లో తెలుగులో ఇన్ని పాఠాలు, ఇంగ్లీషులో ఇన్ని పద్యాలు, లెక్కల్లో కూడికలు, తీసివేతలు, పరిసరాల విజ్ఞానంలో మన ఇల్లు, మన ఊరు. సర్కారు బడిలో కూడా ఆ కాగితం ఉంటుంది. కానీ అది టీచరు దగ్గరే ఉండిపోతుంది, కూలికి పోయే అమ్మానాన్నల దాకా రాదు. మొన్న డీఎడ్ చదివే ఒక చెల్లెలు అడిగింది: "అన్నా, మూడో తరగతి పిల్లలు ఏ సబ్జెక్టులో ఏం నేర్చుకోవాలో ఎవరిని అడిగి తేలుస్తారు?"

మంచి ప్రశ్న. దానికోసం రెండు పాత కాగితాలు మీ ముందు పెడతాను. ఒకటి 1823లో బళ్ళారి నుంచి, ఇంకోటి 1882లో పుణె నుంచి.

మన్రో పేరు రాయలసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. మద్రాసు గవర్నరుగా ఉండగా ఆయన 1822 జూన్‌లో కలెక్టర్లందరినీ ఒక లెక్క అడిగాడు. మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు? బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. తెలుగు ఎం.ఎ. చదివిన వాళ్లకు ఈయన వేరే రకంగా తెలుసు. తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసిన కాంప్‌బెల్ ఈయనే. అప్పటి బళ్ళారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం, ఆదోని, రాయదుర్గం కూడా అందులోవే. తొమ్మిది లక్షల పైచిలుకు జనానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. ఆడపిల్లలు మొత్తం 60 మంది. వెయ్యి మందికి ఏడుగురు చదువుతున్నారన్నమాట.

ఆ బడిలో ఏం నేర్పేవాళ్లో కాంప్‌బెల్ ఓపిగ్గా రాశాడు. అయిదేళ్లకు బడిలో వేస్తారు. పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతాడు. పొద్దున అందరికంటే ముందు వచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండో వాడి చేతిలో సున్నా. మూడో వాడికి ఒక దెబ్బ, నాలుగో వాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కోటి ఎక్కువ. ఇంట్లో పేడకళ్లు ఎత్తి, తమ్ముణ్ని చంకనేసుకుని వచ్చే పిల్లవాడికి ఎన్ని దెబ్బలు పడతాయో లెక్క వేసుకోండి.

పుస్తకాలు రామాయణ, భారత, భాగవతాలు. పద్యాలు కంఠతా పట్టించేవాళ్లు, అర్థం మాత్రం చాలాసార్లు చెప్పే అయ్యవారికే తెలియదని కాంప్‌బెల్ ఫిర్యాదు. మనవాళ్లు వీధిబడి అనగానే ఇక్కడి దాకా చెప్పి ఆపేస్తారు. నాకు మాత్రం ఆ నివేదికలో ఆ తర్వాతి మాటలే ముఖ్యం. అయ్యవారు అక్కడా ఇక్కడా రకరకాల చేతిరాతల ఉత్తరాలు సేకరించి తెచ్చి పిల్లల చేత చదివించేవాడు. ఉత్తరాలు రాయించేవాడు. ఒప్పంద పత్రాలు ఎలా రాయాలో నేర్పేవాడు.

ఆగి చూడండి. పద్యం నోటికి రాకపోతే మనిషికి పోయేదేమీ లేదు. పత్రం చదవడం రాకపోతే పొలం పోతుంది. ఆ బడిలో కూర్చున్న వాడు పత్రం రాసేవాడయ్యాడు, బడి బయట ఉన్నవాడు దాని మీద వేలిముద్ర వేసేవాడయ్యాడు. మా అవ్వ వేలిముద్ర వేసిన ప్రోనోట్లు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. ఎంత డబ్బు తీసుకుందో ఆమెకు బాగా తెలుసు. కాగితంలో ఎంత రాశారో తెలియదు.

ఈ మన్రో లెక్కల మీద ఒక పెద్ద వాదం నిలబడింది. 1931 అక్టోబరులో లండన్‌లో గాంధీ మాట్లాడుతూ, ఇంగ్లీషువాళ్లు రాకముందు మన దేశంలో అక్షరాస్యత ఎక్కువని, చదువు అనే అందమైన చెట్టును వాళ్లు చంపేశారని అన్నారు. ధరంపాల్ 1983లో ఆ మాటనే పేరుగా పెట్టి మన్రో కాలపు నివేదికలన్నీ పుస్తకంగా వేశారు. ఆయన చేసిన పని విలువైనది. తమిళ జిల్లాల బడుల్లో శూద్ర పిల్లలే ఎక్కువని ఆ లెక్కలు చూపించాయి, దాన్ని నేను కాదనను. ఇంగ్లీషు సరుకు వచ్చి నేతవాళ్లు దెబ్బతిని, పిల్లల్ని బడికి పంపే స్తోమత పోయిందని కాంప్‌బెల్ కూడా ఒప్పుకున్నాడు. అయితే ఆ పట్టిక గళ్లు చూడండి: బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఆ తర్వాత 'ఇతర కులాలన్నీ'. మాల ఎందరు, మాదిగ ఎందరు అని విడదీసే వరుసే ఆ నమూనాలో లేదు. చెట్టు అందంగా ఉందా లేదా అన్నది దాని నీడలో కూర్చున్న వాళ్లు చెప్పుకుంటారు. మనకు గడి కూడా దక్కలేదు.

ఇప్పుడు రెండో కాగితం. 1882లో విలియం హంటర్ అధ్యక్షతన విద్యా కమిషన్ వేశారు. 1848లో ఆడపిల్లలకు, ఆ తర్వాత మహార్, మాంగ్ పిల్లలకు పుణెలో బడులు పెట్టిన జోతిరావు ఫూలే ఆ కమిషన్‌కు 1882 అక్టోబరు 19న తన వాంగ్మూలం ఇచ్చారు. దాన్ని మనవాళ్లు సాధారణంగా ఒక్క ముక్క కోసమే గుర్తు చేస్తారు: కనీసం పన్నెండేళ్లు వచ్చేదాకా నిర్బంధ ప్రాథమిక విద్య ఉండాలని అడిగారు. నిజమే. కమిషన్ ఆ మాట పట్టించుకోలేదు. చదువు హక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010లో, అంటే 128 ఏళ్లకు.

కానీ ఆ వాంగ్మూలంలో సిలబస్ కూడా ఉంది. సబ్జెక్టుల వారీగా! మోడిలో, బాలబోధ్‌లో చదవడం, రాయడం. లెక్కాపత్రం. చరిత్ర, భూగోళం, వ్యాకరణం కొంచెం కొంచెం. వ్యవసాయంలో తొలి పాఠాలు. నీతి, పారిశుద్ధ్యం మీద కొన్ని పాఠాలు. వ్యవసాయం చేసి చూపించడానికి బడి దగ్గర చిన్న నమూనా పొలం.

మోడి అనగానే నవ్వకండి, ఆ పేరుకూ ఈ పేరుకూ సంబంధం లేదు. బాలబోధ్ అంటే దేవనాగరి, అచ్చు పుస్తకాల లిపి. మోడి అంటే కులకర్ణి దఫ్తరంలో, షావుకారు ఖాతాలో నడిచే గొలుసుకట్టు రాత. మన దగ్గర కరణం రాత ఎలాగో అలాగన్నమాట. ఊళ్లో ఇంకెవరికీ కొరుకుడు పడని ఆ రాతే కరణానికి సగం బలం. వంశపారంపర్య కరణాల వ్యవస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1984లో గానీ పోలేదు. ఫూలే ఒకటో తరగతి నుంచే ఆ రాత మీద చెయ్యి వేయించాలనుకున్నారు. భక్తి పుస్తకం చదవడానికి బాలబోధ్ చాలు. భూమి లెక్క, అప్పు పత్రం చదవాలంటే మోడి రావాలి. బళ్ళారి వీధిబడిలో కొందరికే నేర్పిన విద్యను ఆయన అందరి సిలబస్‌లో పెట్టమన్నారు. 'అక్షరజ్ఞానం' అని మనం తేలిగ్గా అనేస్తాం. ఏ అక్షరాలు అన్న ప్రశ్న వేసింది ఆయన.

టీచరు గురించి ఇంకా గట్టిగా మాట్లాడారు. అప్పటి పంతుళ్లు దాదాపు అందరూ బ్రాహ్మణులు, కింది కులాల పిల్లలతో కలవరు. సేద్యం చేసే కులాల నుంచే పంతుళ్లను తయారు చెయ్యాలి, అవసరమైతే నాగలి మేడి, వడ్రంగి బాడిస పట్టుకోవడానికి సిగ్గుపడని వాళ్లు కావాలి అన్నారు. పాఠ్యపుస్తకాలు బతుక్కి పనికొచ్చేలా లేవు, తిరగరాయాలి అన్నారు. ప్రభుత్వ రాబడి రైతు చెమట నుంచి వస్తుంటే ఖర్చు పైకులాల పై చదువులకు పోతోందని నిలదీశారు. మహార్, మాంగ్ పిల్లల్ని మిగతా పిల్లల పక్కన కూర్చోనివ్వరు కాబట్టి వాళ్లకు బడులు మూసుకుపోయినట్టేనని, పుణెలో అయిదువేలు దాటిన ఆ జనాభాకు ఒక్కటే బడి ఉందని, అందులో ముప్ఫైమంది కూడా లేరని లెక్క చెప్పారు.

'సేద్యం చేసే కులాలు' అన్న మాట దగ్గర మనం కాస్త ఆగాలి. మాదిగ చర్మం నానబెట్టే విద్య, మాల నేత ఆ సిలబస్‌లో విడిగా కనపడవు. నాగలి వచ్చింది, ఆరె రాలేదు. ఫూలే మీద గౌరవం ఉంది కాబట్టే ఈ మాట రాస్తున్నాను. ఆ ఖాళీలోకి తోలుపనిని, కుండను, బట్టలుతకడాన్ని శాస్త్రంగా పిల్లల పాఠంలోకి తెచ్చిన పుస్తకం కంచ ఐలయ్య గారిది, 2007లో ఇంగ్లీషులో వచ్చింది. డీఎడ్ చదివే మిత్రులు అది తప్పక చూడండి. మన పరిసరాల విజ్ఞానంలో 'వృత్తులు' అని పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద ఏ పనులు రాస్తున్నారో, ఏవి రాయడానికి చెయ్యి ఆడటం లేదో గమనించండి.

అలాంటి బడిలో చదివితే పిల్లలు ఏమవుతారు? ముక్తా సాళ్వే అని మాంగ్ కులపు అమ్మాయి. పద్నాలుగేళ్లు. ఫూలే దంపతుల బడిలో చదువుకుంది. మహార్, మాంగ్‌ల దుఃఖం మీద ఒక వ్యాసం రాస్తే 1855లో 'జ్ఞానోదయ' పత్రిక అచ్చువేసింది. వేదం చూడటానికే మాకు హక్కు లేనప్పుడు ఆ వేదం మా మతం ఎలా అవుతుందని అందులో అడుగుతుంది. బ్రాహ్మణుల్నే కాదు, తమ భూముల్లోంచి తమవాళ్లను వెళ్లగొట్టిన సంగతీ రాస్తుంది. వాళ్ల బడిలో వ్యాస రచనకు ఎన్ని మార్కులు ఉండేవో తెలియదు గానీ, నా డిగ్రీ పిల్లలకు 'వ్యాసం' అనే పాఠం చెప్పేటప్పుడు నేను మొదలుపెట్టేది ఆ అమ్మాయి పేరుతోనే.

వచ్చే ఆదివారం భాగ్యరెడ్డివర్మ గారి దగ్గరికి వద్దాం. 1910 నుంచి ఆయన హైదరాబాదులో మన పిల్లలకు బడులు పెట్టారు. నిజాం రాజ్యంలో, ఉర్దూ నడిచే చోట, తెలుగులో.