అమ్మాయి ఏ ఊరు వెళ్ళాలి?

మా అమ్మాయికి రెండు చోట్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. ఒకటి బెంగళూరులో, ఒకటి విశాఖపట్నంలో. జీతంలో పెద్ద తేడా లేదు. నేను వెంటనే విశాఖ అనేశాను. తాడేపల్లిగూడెంలో పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి దాని దగ్గరుంటాను. బెంగళూరంటే శేషాద్రిలో రాత్రంతా ప్రయాణం.

"రైలు చూసి ఊరు ఎంచుకుంటారా అమ్మా ఎవరైనా?" అని నవ్వింది.

మా ఇంట్లో అలాగే ఎంచుకున్నారు మరి! 1999లో మా తమ్ముడు గౌతమి ఎక్కి హైదరాబాద్ వెళ్ళాడు. ఆ ఊరి గురించి వాడికి తెలిసినవి రెండే. గౌతమి మన స్టేషన్లో ఆగుతుంది, అమీర్‌పేటలో మా బాబాయి గారబ్బాయి గదిలో ఇంకో చాప పడుతుంది. కోర్సు నేర్చుకున్నాడు, ఉద్యోగం వచ్చింది. 2001లో అమెరికాలో కంపెనీలు దెబ్బతినేసరికి అది పోయింది. ఇంటికొచ్చి ఏడాదిపాటు నాన్నతో కొల్లేరులో చేపల చెరువు చూసుకున్నాడు. మళ్ళీ అదే హైదరాబాద్ వెళ్తే ఇంకోచోట పని దొరికింది.

కొల్లేరుని 1999లోనే అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ హద్దులోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. నాన్న లీజుకి తీసుకున్న చెరువూ అందులో పోయింది. అప్పుడు ఇల్లు నడిచింది తమ్ముడు పంపిన డబ్బుతో.

వాడికి రెండో ఉద్యోగం అక్కడే ఎలా దొరికిందో చాలా కాలం నేను ఆలోచించలేదు. 1998 నవంబరులో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు కదా, హైదరాబాద్ కథ అక్కడే మొదలైందనుకుంటాం. కానీ 1967కే అక్కడ ఈసీఐఎల్ ఉంది. 1987లో సత్యం వచ్చింది. చదువుకున్న ఇంజనీర్లు, వాళ్ళకి పనిచ్చేవాళ్ళు ముందునుంచీ ఉన్నారు.

బెంగళూరుదీ అంతే. 1909లో సైన్స్ ఇన్‌స్టిట్యూట్, 1940లో విమానాల ఫ్యాక్టరీ. 1983లో ఇన్ఫోసిస్ పుణె నుంచి అక్కడికి మారింది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చింది. ఒక కంపెనీ చేయి వదిలినా ఇంకోటి పట్టుకోవడానికి ఇన్నేళ్ళ పునాది ఉంది.

విశాఖ తక్కువదని కాదు. ఓడరేవు, షిప్‌యార్డు, ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరు. 2023లో ఇన్ఫోసిస్ ఆఫీసు తెరిచింది. 2025 అక్టోబరులో గూగుల్ పెద్ద డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. అయితే డేటా సెంటర్‌లో సర్వర్లు ఎక్కువ, మనుషులు తక్కువ. సాఫ్ట్‌వేర్‌లో అక్కడ పునాది ఇప్పుడే పడుతోంది. పదేళ్ళ తర్వాత ఇదే మాట అనక్కర్లేకపోవచ్చు.

మీ ఇంట్లోనూ ఇలాంటి చర్చ నడుస్తుంటే, మొదటి జీతం ఎంత అన్నది కాసేపు పక్కన పెట్టండి. ఈ ఉద్యోగం పోతే, ఉన్న హాస్టల్ ఖాళీ చేయకుండానే ఇంకోటి దొరుకుతుందా అని అడగండి. అబ్బాయిలైతే ఎవరి గదిలోనో చాప వేసుకుని ఏడాది గడిపేస్తారు. ఆడపిల్ల ఉద్యోగం పోయి ఇంటికొస్తే పెళ్ళి సంబంధాల మాట ఎత్తకుండా ఉండే ఇళ్ళు ఎన్ని?

ఇదంతా చెప్పాక మా అమ్మాయి అడిగింది, "మరి నువ్వు ఏ ఊరు వెళ్దామనుకున్నావమ్మా?"

ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఏలూరులో తెలుగు బీఏ చదివాను. సాయంత్రం చీకటి పడకముందే మా ఊరికి తిరుగు బస్సు ఉందని నాన్న ఆ కాలేజీలో చేర్పించారు. తెలుగంటే ఇష్టమే, అది వేరే సంగతి. కానీ దాన్ని విశాఖ పొమ్మన్నప్పుడు నేను చేసింది అదే కదా, తిరుగు బండి చూడటం.

శేషాద్రికి రెండు టికెట్లు తీశాం. దాన్ని హాస్టల్లో దింపి, రెండ్రోజులుండి వస్తాను.