నిచ్చెనల సెన్సారు ఆధారిత భద్రతా పర్యవేక్షణ - పేటెంటు అర్హత

నిచ్చెనను నిలిపిన కోణం, దానిపై పడే బరువు, ఎక్కిన మనిషి కదలిక వంటి వాటిని సెన్సార్ల ద్వారా కొలిచి, ప్రమాదం జరగక ముందే హెచ్చరించే ఏర్పాటును సెన్సారు ఆధారిత నిచ్చెన భద్రతా పర్యవేక్షణ అంటారు. ఇటువంటి ఏర్పాటుకు పేటెంటు లభిస్తుందా, లభిస్తే అందులోని ఏ అంశానికి లభిస్తుంది అన్నదే దాని పేటెంటు అర్హతకు సంబంధించిన ప్రశ్న. నిచ్చెన అతి ప్రాచీనమైన సాధనం. కోణాన్ని, బరువును కొలిచే సెన్సార్లు బజారులో దొరికే వస్తువులు. కొలిచిన విలువను ఒక పరిమితితో పోల్చడం చిన్న కంప్యూటరు ప్రోగ్రాము చేయగల పని. విడివిడిగా ఈ మూడింటిలో ఏదీ కొత్తది కాదు. కాబట్టి ఈ మూడింటి కలయికలో ఆవిష్కరణ అనదగినది ఏమున్నదో నిర్ణయించడమే ఇక్కడ ముఖ్యాంశం. వివిధ దేశాల చట్టాలు ఈ ప్రశ్నను వేరువేరు మార్గాలలో పరిశీలిస్తాయి.

నేపథ్యం

గోడకు ఆనించిన నిచ్చెన ప్రధానంగా రెండు విధాలుగా పడిపోతుంది. ఏటవాలు ఎక్కువైతే అడుగు భాగం వెనుకకు జారుతుంది. నిటారుగా ఉంటే నిచ్చెన మనిషితో సహా వెనుకకు ఒరుగుతుంది. అందువలన నిచ్చెన పొడవులో నాలుగవ వంతు దూరంలో అడుగు భాగాన్ని ఉంచాలని భద్రతా నియమాలు చెబుతాయి. అప్పుడు నేలతో ఏర్పడే కోణం సుమారు 75 డిగ్రీలు. ఇవి గాక, పక్కకు ఎక్కువగా వంగి పని చేయడం, దిగేటప్పుడు చివరి మెట్టు తప్పడం, చేతులలో బరువు ఉంచుకొని ఎక్కడం, విద్యుత్ తీగలకు తగలడం కూడా ప్రమాద కారణాలు.

ఈ కారణాలలో కొన్నింటిని కొలవవచ్చును. నిచ్చెన కదలకుండా ఉన్నప్పుడు త్వరణమాపకం భూమ్యాకర్షణ దిశను గుర్తించి వాలును తెలుపుతుంది. కాళ్ళ కింద అమర్చిన బరువు సెన్సార్లు కుడి ఎడమల మధ్య భారం ఎలా పంచబడుతున్నదో చెబుతాయి. మెట్లలో, నిలువు కమ్ములలో ఉంచిన స్పర్శ సెన్సార్లు చేతులు, కాళ్ళు ఎక్కడున్నాయో గ్రహించగలవు.

అమెరికా జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ 2013లో విడుదల చేసిన మొబైల్ అప్లికేషను, ఫోనులోని సెన్సారుతో నిచ్చెన కోణాన్ని కొలిచి దృశ్య, ధ్వని, కంపన సంకేతాల ద్వారా సరైన వాలును సూచించింది. ఆ తరువాత కేవలం కోణాన్ని కొలిచి హెచ్చరించడం మాత్రమే కొత్త ఆలోచన అని ఎవరూ చెప్పుకోలేరు.

పేటెంటుకు కావలసిన లక్షణాలు

చాలా దేశాలలో ఒక ఆవిష్కరణ ఈ క్రింది పరీక్షలలో నెగ్గవలసి ఉంటుంది.

* విషయ అర్హత: అది చట్టం మినహాయించిన విషయం కాకూడదు. గణిత పద్ధతి, అమూర్తమైన ఆలోచన వంటివి మినహాయింపులకు ఉదాహరణలు.
* నూతనత్వం: దరఖాస్తుకు ముందే ప్రపంచంలో ఎక్కడా వెల్లడి కాకుండా ఉండాలి.
* ఆవిష్కరణాత్మక ముందడుగు: ఆ రంగంలో సామాన్య నైపుణ్యం గల వ్యక్తికి సహజంగా తోచేదై ఉండకూడదు.
* పారిశ్రామిక ఉపయోగం: తయారు చేయడానికి లేదా వాడడానికి వీలైనదై ఉండాలి.
* తగినంత వివరణ: దరఖాస్తును చదివిన నిపుణుడు దానిని తిరిగి నిర్మించగలగాలి.

నిచ్చెన భద్రతా పరికరం ప్రాణరక్షణకు ఉద్దేశించినది కనుక పారిశ్రామిక ఉపయోగం గురించి వివాదం అరుదు. చిక్కు మొదటి మూడింటితోనే వస్తుంది.

అమెరికాలో

అమెరికాలో విషయ అర్హతపై మూడు నాలుగు తీర్పులు ఈ అంశానికి నేరుగా వర్తిస్తాయి. 1978లో పార్కర్ వర్సెస్ ఫ్లూక్ కేసులో, రసాయన ప్రక్రియలో ప్రమాద హెచ్చరిక పరిమితిని ఒక సూత్రం ద్వారా ఎప్పటికప్పుడు సవరించే పద్ధతికి సుప్రీం కోర్టు పేటెంటు నిరాకరించింది. హెచ్చరిక పరిమితిని లెక్కించడం మాత్రమే ఆవిష్కరణ కాజాలదన్నది దాని సారాంశం. 1981లో డైమండ్ వర్సెస్ డీర్ కేసులో, అచ్చులోని ఉష్ణోగ్రతను నిరంతరం కొలుస్తూ, లెక్క కట్టి, సరైన క్షణంలో అచ్చును తెరిచే రబ్బరు తయారీ పద్ధతికి అదే కోర్టు 5-4 ఆధిక్యతతో అర్హత కల్పించింది. రెండు కేసులలోను కొలత ఉన్నది, గణితం ఉన్నది. రెండవ దానిలో గణిత ఫలితం ఒక భౌతిక ప్రక్రియను మార్చింది.

2014లో ఆలిస్ కార్పొరేషన్ వర్సెస్ సీఎల్ఎస్ బ్యాంక్ తీర్పు రెండంచెల పరీక్షను స్థిరపరిచింది. కోరిన హక్కు అమూర్త ఆలోచనకు సంబంధించినదా అని మొదట చూస్తారు. అవునన్న పక్షంలో, దానిని పేటెంటుకు తగిన ప్రయోగంగా మార్చే అదనపు అంశం ఏదైనా ఉన్నదా అని పరిశీలిస్తారు. 2016లో ఎలక్ట్రిక్ పవర్ గ్రూప్ వర్సెస్ ఆల్‌స్టామ్ కేసులో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, సమాచారాన్ని సేకరించి, విశ్లేషించి, ఫలితాన్ని చూపడం మాత్రమే అమూర్త ఆలోచన అవుతుందని నిర్ణయించింది. నిచ్చెన సెన్సార్ల సమాచారాన్ని సూపర్‌వైజరు ఫోనుకు పంపడం వరకే ఆగిపోయే దరఖాస్తుకు ఈ తీర్పు పెద్ద అడ్డంకి.

దీనికి భిన్నంగా 2017లో థేల్స్ విజియోనిక్స్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్ కేసులో అదే కోర్టు, శిరస్త్రాణంపైన, విమానం వంటి కదిలే వేదికపైన జడత్వ సెన్సార్లను ఒక ప్రత్యేక పద్ధతిలో అమర్చి, వేదికకు సాపేక్షంగా కదలికను లెక్కించే వ్యవస్థకు అర్హత ఉన్నదని తీర్పు చెప్పింది. గణితం వాడినంత మాత్రాన ఆవిష్కరణ అమూర్తం కాదని, సెన్సార్లను మామూలు పద్ధతికి భిన్నంగా అమర్చి కొలతలోని దోషాన్ని తగ్గించడం సాంకేతిక మెరుగుదల అని ఇందులో తేలింది.

విషయ అర్హత దాటినా సహజంగా తోచేదా అన్న పరీక్ష మిగిలే ఉంటుంది. ఇందులో అతి ముఖ్యమైనది 2007 నాటి కేఎస్ఆర్ వర్సెస్ టెలిఫ్లెక్స్ తీర్పు. డ్రైవరు ఎత్తుకు తగినట్లు జరుపుకోగల మోటారు వాహన పెడలుకు ఎలక్ట్రానిక్ సెన్సారును, కదలని ఇరుసు వద్ద అమర్చడం ఆ కేసులోని పేటెంటు. అటువంటి పెడలు ముందే ఉన్నది, సెన్సారు ముందే ఉన్నది, సెన్సారును కదలని భాగంపై అమర్చితే తీగలు అరిగిపోవన్న సంగతి కూడా ముందే తెలుసు. కనుక ఆ కలయిక సామాన్య నిపుణునికి తోచేదేనని సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా నిర్ణయించి పేటెంటు చెల్లదన్నది. పాత యంత్రానికి తెలిసిన సెన్సారును తగిలించే ప్రతి దరఖాస్తుదారుడు ఈ తీర్పుకు సమాధానం చెప్పుకోవలసిందే. నిచ్చెన విషయంలో పోలిక మరీ దగ్గరగా ఉన్నది.

ఐరోపాలో

ఐరోపా పేటెంటు ఒడంబడికలోని 52వ అధికరణం గణిత పద్ధతులను, కంప్యూటరు ప్రోగ్రాములను, సమాచార ప్రదర్శనను కేవలం ఆ రూపంలో ఉన్నంతవరకే మినహాయిస్తుంది. భౌతికమైన సెన్సారు ఉన్న వ్యవస్థ సాధారణంగా ఈ అడ్డంకిని సులువుగానే దాటుతుంది. అసలు పరీక్ష తరువాత వస్తుంది. 2002 నాటి కామ్‌విక్ నిర్ణయం ప్రకారం, ఆవిష్కరణాత్మక ముందడుగును నిర్ణయించేటప్పుడు సాంకేతిక స్వభావానికి తోడ్పడే అంశాలనే లెక్కలోకి తీసుకుంటారు. విరామ సమయం, పని కేటాయింపు వంటి పాలనా నియమాలకు విలువ ఉండదు. పాదచారుల కదలికను కంప్యూటరులో అనుకరించే దరఖాస్తుపై 2021లో వెలువడిన జి 1/19 నిర్ణయం కూడా ఈ పద్ధతినే సమర్థించింది.

భారతదేశంలో

భారత పేటెంట్ల చట్టం, 1970లోని సెక్షను 2(1)(జెఎ) ఆవిష్కరణాత్మక ముందడుగును నిర్వచిస్తుంది. అంతవరకు ఉన్న విజ్ఞానంతో పోల్చినప్పుడు సాంకేతిక పురోగతి గాని, ఆర్థిక ప్రాముఖ్యం గాని, రెండూ గాని ఉండి, నిపుణునికి సహజంగా తోచనిదై ఉండాలి. సెక్షను 3 ఆవిష్కరణలు కానివాటిని పేర్కొంటుంది. అందులో నాలుగు ఉపవిభాగాలు ఈ అంశానికి సంబంధించినవి.

* 3(ఎఫ్): తెలిసిన పరికరాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తెలిసిన రీతిలోనే పని చేస్తుంటే, వాటిని ఒకచోట చేర్చడం ఆవిష్కరణ కాదు. నిచ్చెనకు తగిలించిన కోణమాపకం, పక్కనే తగిలించిన దీపం దేని పని అది చేసుకుంటే ఈ నిబంధన వర్తిస్తుంది.
* 3(కె): గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, కేవలం కంప్యూటరు ప్రోగ్రాము, అల్గోరిథమ్‌లు ఆవిష్కరణలు కావు.
* 3(ఎం): మనసులో చేసే పనికి సంబంధించిన పథకం, నియమం లేదా పద్ధతి ఆవిష్కరణ కాదు. రెండు కాళ్ళు, ఒక చేయి ఎల్లప్పుడూ నిచ్చెనను అంటి ఉండాలన్న మంచి నియమం దీని కిందకు వస్తుంది.
* 3(ఎన్): సమాచార ప్రదర్శన ఆవిష్కరణ కాదు. కోణాన్ని తెరపై చూపడం మాత్రమే కోరితే ఇది అడ్డు వస్తుంది.

బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వర్సెస్ హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీం కోర్టు 1978 డిసెంబరులో ఇచ్చిన తీర్పు నేటికీ ప్రామాణికం. పాత్రలకు మెరుగుపెట్టేటప్పుడు వాటిని పట్టి ఉంచే సాధనానికి సంబంధించిన ఆ కేసులో, కార్ఖానాలో పనివాడు చేయగల మామూలు సవరణకు పేటెంటు రాదని, తెలిసిన వస్తువుల కలయిక కొత్త ఫలితాన్ని గాని, మెరుగైన లేదా చౌకైన వస్తువును గాని ఇవ్వాలని, అదీ ఆవిష్కరణ స్థాయికి చేరాలని కోర్టు వివరించింది.

కంప్యూటరు ఆధారిత ఆవిష్కరణల పరిశీలనకు 2016లో వచ్చిన మార్గదర్శకాలు కొత్త హార్డ్‌వేరు ఉండాలన్నాయి. 2017లో సవరించిన మార్గదర్శకాలలో ఆ షరతు తొలగిపోయింది. 2019 డిసెంబరులో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, చట్టంలో నిషేధం కేవలం కంప్యూటరు ప్రోగ్రాముకే పరిమితమని, సాంకేతిక ఫలితం లేదా సాంకేతిక పురోగతి చూపే ఆవిష్కరణను ప్రోగ్రాము ఉన్న కారణంగా తిరస్కరించరాదని స్పష్టం చేసింది. నిచ్చెన పరికరాల వంటి వాటికి ఈ తీర్పు ఊరట కలిగించేదే.

హక్కు కోరికల రచన

పేటెంటు దరఖాస్తులో క్లెయిములు అనే హక్కు కోరికల భాగమే కీలకం. ఒకే పరికరాన్ని వివరించే తీరును బట్టి ఫలితం మారుతుంది. ఈ క్రింది ఊహాత్మక ఉదాహరణలు ఈ తేడాను చూపుతాయి.

* నిచ్చెన కోణం పరిమితి దాటితే మోగే గంట: నూతనత్వం లేదు. ఇది నిలబడే అవకాశం తక్కువ.
* సెన్సారు కొలతలను సర్వరుకు పంపి నెలవారీ నివేదిక తయారు చేయడం: సమాచార సేకరణ, ప్రదర్శన మాత్రమే. విషయ అర్హత వద్దనే ఆగిపోవచ్చును.
* రెండు కాళ్ళ కింది బరువుల తేడా, ఆ తేడా పెరిగే వేగం కలిపి చూసి, నిచ్చెన ఒరగక ముందే ప్రమాదాన్ని గుర్తించడం: సెన్సార్ల స్థానం, సంకేతాల మధ్య సంబంధం, సాధించిన ఫలితం వివరంగా ఉంటే అవకాశం మెరుగు.
* పై విధంగా గుర్తించిన వెంటనే పక్క ఊతలను బయటకు తెరిచి నిచ్చెనను నిలబెట్టడం: కొలత భౌతిక చర్యకు దారి తీసింది. విషయ అర్హత దృష్ట్యా ఇది అన్నిటికంటె బలమైనది. అయినా నూతనత్వం, ముందడుగు విడిగా నిరూపించవలసిందే.

పక్కకు వంగుతున్న కొలదీ భారం ఒక కాలిపైకి చేరి, రెండవ కాలిపై బరువు సున్నాకు సమీపిస్తుంది. ఐతే పనివాడు ఒక్క క్షణం చేయి చాచినా ఇటువంటి సంకేతమే వస్తుంది. నిచ్చెనను భుజాన మోసుకుపోతున్నప్పుడు కోణం ఎలాగూ తప్పుగానే ఉంటుంది. ఎక్కేటప్పుడు కలిగే కుదుపులు త్వరణమాపకం కొలతను చెదరగొడతాయి. అకారణంగా మోగే గంటను పనివారు ఆపివేస్తారు; ఆ తరువాత నిజమైన ప్రమాదం వచ్చినప్పుడు అది పలుకదు. కనుక నిజమైన ప్రమాదాన్ని మామూలు కదలిక నుండి వేరు చేసే నిర్దిష్టమైన ఉపాయమే ఈ రంగంలో సాంకేతిక సమస్యకు పరిష్కారంగా నిలిచే అవకాశం ఎక్కువ. ఆ ఉపాయాన్ని వివరణలో దాచిపెట్టరాదు. భారత చట్టంలోని సెక్షను 10 ప్రకారం, దరఖాస్తుదారునికి తెలిసిన అత్యుత్తమ పద్ధతిని వెల్లడించాలి.

ముందుగా వెల్లడి చేయడం వలన నష్టం

విద్యార్థులు, చిన్న తయారీదారులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. పరికరాన్ని కళాశాల ప్రదర్శనలో చూపిన తరువాతనో, వీడియో విడుదల చేసిన తరువాతనో దరఖాస్తు చేస్తే, వారి సొంత ప్రదర్శనే వారికి వ్యతిరేకంగా పూర్వ విజ్ఞానం కావచ్చును. అమెరికాలో ఆవిష్కర్త సొంత వెల్లడికి ఒక సంవత్సరం గడువు ఉన్నది. భారతదేశంలో 12 నెలల మినహాయింపు కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలు, విద్వత్సభలలో చదివిన పత్రాలు వంటి కొన్ని సందర్భాలకే పరిమితం. ఐరోపాలో మినహాయింపు ఇంకా స్వల్పం. తాత్కాలిక వివరణతో ముందుగా దరఖాస్తు చేసి, 12 నెలలలోగా పూర్తి వివరణ సమర్పించే వెసులుబాటు భారత చట్టంలో ఉన్నది.

భారతదేశంలో పేటెంటు కార్యాలయాలు కోల్‌కతా, ఢిల్లీ, ముంబై, చెన్నైలలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయ పరిధిలోకి వస్తాయి. పేటెంటు కాలపరిమితి దరఖాస్తు తేదీ నుండి 20 సంవత్సరాలు.

పేటెంటు, భద్రత, ప్రజా ప్రయోజనం

పేటెంటు అనేది ఇతరులు ఆ ఆవిష్కరణను వాడకుండా నివారించే హక్కు మాత్రమే. పరికరం సురక్షితమని అది ధ్రువీకరించదు. నిచ్చెనల భద్రతకు భారతదేశంలో ఐఎస్ 3696 రెండవ భాగం, ఐరోపాలో ఈఎన్ 131 వంటి ప్రమాణాలు వేరుగా ఉన్నాయి. పేటెంటు ఉన్న నిచ్చెన అయినా ఆ ప్రమాణాలను పాటించవలసిందే.

హక్కు పరిధి మరీ విశాలమైతే, సెన్సారు గల ప్రతి నిచ్చెన ఒకే సంస్థ చేతిలోకి పోయే ప్రమాదం ఉన్నది. మరీ ఇరుకైతే, పరిశోధనకు ఖర్చు పెట్టిన వారికి ప్రతిఫలం దక్కదు. 1959లో మూడు బిందువుల సీటు బెల్టును ప్రవేశపెట్టిన వోల్వో సంస్థ, ఆ పేటెంటును ఇతర తయారీదారులు వాడుకోవడానికి అనుమతించడం ప్రాణరక్షణ సాధనాల చరిత్రలో తరచు ఉదహరించబడుతుంది. యజమాని ఇష్టపడని పక్షంలో, భారత చట్టంలోని సెక్షను 84 ప్రకారం పేటెంటు మంజూరైన మూడు సంవత్సరాల తరువాత తప్పనిసరి లైసెన్సు కోరవచ్చును. ఈ నిబంధన కింద దేశంలో మొదటి లైసెన్సు 2012లో హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మాకు, ఒక కాన్సరు ఔషధం విషయంలో లభించింది.

ఇవి కూడా చూడండి

* మేధో సంపత్తి హక్కులు
* భారత పేటెంట్ల చట్టం, 1970
* త్వరణమాపకం
* వృత్తిపరమైన భద్రత
* నిచ్చెన